పిచ్చుక పంపకాలు

ఆ రోజుల్లో ఆడపిల్లలకు చదువు చెప్పాలంటే ధైర్యం కావాలని అందరూ అనేవారు కాని, ఆ ధైర్యం ఏ పాఠం దగ్గర అవసరమవుతుందో నాకెవరూ చెప్పలేదు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. నరసాపురంలో మిషనువారి ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరి రెండు నెలలైంది. పిల్లలు అక్కడే ఉండి, పొద్దున చదువూ మధ్యాహ్నం లేసు అల్లికా నేర్చుకునేవారు. పెద్దదానిలా కనబడాలని నేను జుట్టు బిగించి ముడివేసుకుని, నవ్వొస్తే దాన్ని దగ్గుగా మార్చుకుంటూ తిరిగేదాన్ని (నన్ను దగ్గు పంతులమ్మ అనేవారని చాలా ఏళ్లకు తెలిసింది).

ఆ పిల్లల్లో పన్నెండేళ్లది ఒకతె ఉండేది. తల్లీ తండ్రీ లేరు, ఊహ తెలిసినప్పటినుంచి బడిలోనే పెరిగింది. చిన్నగా, చురుగ్గా ఉండేది కాబట్టి అందరూ పిచ్చుక అనేవారు. ఒక సోమవారం ఈ పిచ్చుక తన సామాను పంచిపెట్టడం మొదలుపెట్టింది. పలక ఒకరికి, నీలం రిబ్బను ఇంకొకరికి ఇచ్చేసింది. మర్నాడు సగం అల్లిన లేసు తెచ్చి నా ఒళ్లో పెట్టి, "మీరు పూర్తి చేయండి, నాకిక కుదరదండి" అంది. పడవెక్కి ఎటైనా పారిపోతుందేమోనని నాకు భయం. ఎంత అడిగినా నోరు విప్పలేదు. అన్నం కూడా సరిగా తినడం లేదని వంటమ్మ చెప్పింది. మూడోనాడు వరండాలో కూర్చోబెట్టి బతిమాలితే, తల వంచుకుని చెప్పింది.

"నేను చచ్చిపోతున్నానండి. లోపలెక్కడో తెగిపోయింది. రక్తం పోతోంది."

నాకు వెంటనే అర్థమైంది. హమ్మయ్య అనుకోవాలి కదా, అనుకోలేకపోయాను. ఎందుకంటే ఆ సంగతి మాటల్లో ఎలా చెబుతారో నేనెన్నడూ వినలేదు. నేను పెద్దమనిషినైనప్పుడు అమ్మ నన్నొక మూల కూర్చోబెట్టింది, చుట్టాలొచ్చి గొంతు తగ్గించి పాటలు పాడారు (మా నాన్నగారు చర్చిలో ప్రసంగాలు చెప్పేవారు, ఇలాంటి వేడుకలు కూడదనేవారు, ఆయన చెవిన పడకూడదని), వాళ్లు పెట్టిన నువ్వుల చిమ్మిలి నేను తిన్నాను. ఎందుకో ఎవరూ చెప్పలేదు. బడిలోనైతే ఆ వేడుకలు అసలే కూడదన్నారు. వేడుకతోపాటు ఆ మాటా పోయింది. అందుకని నేను చేసిందేమిటంటే, "ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తాను" అని, చచ్చిపోతున్నాననుకుంటున్న పిల్లను అక్కడే వదిలేసి, బడి నడిపే దొరసానమ్మ గారి దగ్గరికి పరుగెత్తాను.

ఆవిడ విని ఎర్రబడ్డారు. పెద్దపిల్లలందరికీ చెప్పవలసిందేనని, నేనే చెప్పాలని అన్నారు. "నీవు భయపడవద్దు. పుష్పములతో ఆరంభించుము" అని తలుపు వేసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఎనిమిదిమందిని కూర్చోబెట్టి గుమ్మడిపువ్వుతో మొదలుపెట్టాను. మగపువ్వు, ఆడపువ్వు, మధ్యలో తుమ్మెద. తుమ్మెద దగ్గరినుంచి మనుషుల దగ్గరికి ఎలా రావాలో తెలియక మళ్లీ పాదు దగ్గరికి వెళ్లాను. రైతుల ఇంటి పిల్ల ఒకతె నేను చెప్పినవాటిలో రెండు తప్పులు దిద్దింది. ఆనపకాయకూ ఇంతేనా అని ఇంకొకతె అడిగింది. నేను సంతోషంగా ఆనపకాయ ఎత్తుకున్నాను. ఎంతసేపు చెప్పానో తెలియదు, చెమటకు రవిక తడిసిపోయింది. ఎవరి నాన్నగారికైనా తెలిస్తే రేపే బడి మాన్పిస్తారు, మా నాన్నగారికి తెలిస్తే నన్నూ మాన్పిస్తారు. అప్పుడు పిచ్చుక మర్యాదగా చెయ్యెత్తింది.

"పంతులమ్మ గారూ, నేను పోయేలోపు ఈ పాఠం అయిపోతుందాండి?"

ఎవరూ నవ్వలేదు. నేను కుర్చీలోంచి దిగి దాని పక్కన నేలమీద కూర్చున్నాను. అప్పుడు చెప్పాను. "నువ్వు చచ్చిపోవమ్మా. ఇది దెబ్బ కాదు, జబ్బు కాదు. ఆడపిల్ల ఎదిగేటప్పుడు ఎప్పుడో ఒకప్పటికి బిడ్డను మోయడానికి ఒళ్లు లోపల చోటు సిద్ధం చేసుకుంటుంది. బిడ్డ లేని నెల ఆ సిద్ధం చేసుకున్నది ఇలా పోతుంది. నెలనెలా నాకూ అవుతుంది. మీ అందరికీ అవుతుంది. దొరసానమ్మ గారికీ అవుతుంది."

రైతుల పిల్ల నెమ్మదిగా, "దొరసానమ్మ గారికి కూడానాండి?" అంది. మిగతాదంతా నమ్మారు కాని, ఆ ఒక్కటి నమ్మించడానికి నాకు చాలాసేపు పట్టింది. పిచ్చుక మాత్రం వెక్కి వెక్కి ఏడ్చి, కళ్లు తుడుచుకుని, పంచిపెట్టినవన్నీ తిరిగి అడగడం మొదలుపెట్టింది. పలక వచ్చింది. రిబ్బను పుచ్చుకున్న పిల్ల, ఇచ్చింది ఇచ్చినట్టేనని మొండికేసింది. ఆ తగవు తీర్చడం కంటే గుమ్మడిపువ్వే సులువనిపించింది.

నన్ను పిలిపిస్తారని వారమంతా ఎదురుచూశాను. ఎవరూ పిలవలేదు. వంటమ్మ మాత్రం గుమ్మం పక్కనుంచి అంతా విన్నట్టుంది, మర్నాడు అడక్కుండానే నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసింది. ఏమిటి విశేషమని దొరసానమ్మ గారు అడిగితే, పిల్లలకు బలమండి అంది. ఆవిడ బాగుందని రెండు ఉండలు తిన్నారు. బడిలో కూడదన్న వేడుక అలా ఆవిడ చేతులమీదుగానే జరిగిపోయింది.

ఈమధ్య మా పెద్దమ్మాయికి పన్నెండు నిండాయి. ఇన్నేళ్లు ఎందరికో చెప్పినదాన్ని, సొంత కూతురికి చెప్పడానికి మాత్రం వారం రోజులు మాటలు కూర్చుకున్నాను. తీరా కూర్చోబెట్టి మొదలుపెడితే, ఆ సంగతి బడిలో ఎప్పుడో చెప్పారని తేలిగ్గా అనేసింది. నీకెవరు చెప్పారమ్మా అని అడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను. అది నా వైపు కాసేపు చూసి, "పాపం" అని ఆటకు వెళ్లిపోయింది. ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల తరఫున ఆ జాలిని నేనే పుచ్చుకుని, ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను.