జనవరి పిల్ల, డిసెంబరు పిల్ల

మే నెల రెండో ఆదివారం, ఉదయం ఏడు గంటలు, కాలనీ ఈత కొలను. ఉన్నవారు: నేను, నా మనుమరాలు, ముప్పై ఏళ్లు గని ఆఫీసులో నా పక్క కుర్చీలో పనిచేసిన బావ, ఆయన మనుమరాలు, కోచ్. మాకు చుట్టరికం లేదు, బావా అని పిలుచుకోవడం అలవాటు.

జిల్లా జట్టుకు పన్నెండేళ్ల లోపు ఆడపిల్లల్లో ఒక్కరినే తీసుకుంటారు. అందులో పుట్టిన సంవత్సరమే లెక్క. బావ మనుమరాలు జనవరి నాలుగున పుట్టింది. మాది అదే ఏడాది డిసెంబరు ఇరవై ఎనిమిదిన. వారం తక్కువ ఏడాది తేడా ఉన్నా ఇద్దరూ ఒకే వరుసలో నిలబడాలి. ఆ పిల్ల మా పిల్లకంటే తలంత ఎత్తు. మా పిల్ల మూడుసార్లు చెయ్యి వేసేచోట ఆ పిల్లకు రెండు చాలు.

ఆ ఉదయం పెట్టిన పోటీలో మా పిల్ల ఓడిపోయింది.

"ఏంది బావ, మీ పిల్ల గోదారి దాంక పోయొచ్చిందా? గింత లేటయింది," అన్నాడు బావ. పైకి నవ్వాను.

గనిలో చేరిన మా తరంలో చాలామందికి అసలు వయసు ఒకటి, కాగితం మీద వయసు ఒకటి. బావ అట్లాగే రెండేళ్లు ఎక్కువ డ్యూటీ చేశాడు. తన వయసు తగ్గించుకున్నవాడు మనుమరాలి వయసు తగ్గించడా? కోచ్‌ను పక్కకు పిలిచి ఇదే అన్నాను.

"రేపు పొద్దుగాల పేరు పంపుత సార్. రుజువుంటే గంతలోపల తెండ్రి," అన్నాడు.

ఇంటికి వెళ్లి అన్నం కూడా తినకుండా పిల్లలు పుట్టిన ఏటి డైరీ తీశాను. జనవరి నాలుగు: "బావ ఆఫీసుకు జిలేబి తెచ్చాడు. తెల్లవారుజామున మనుమరాలు పుట్టిందట." నా చేతిరాతే. తారీఖు నిజం.

అక్కడితో మూసేయవలసింది. డిసెంబరు దాకా తిప్పాను. ఇరవై ఐదు: "జనవరి మొదటి వారం దాకా ఆగవచ్చని డాక్టరమ్మ అంది. కోడలూ ఆగుదామంది. ఇరవై ఎనిమిది ఉదయం మంచి ముహూర్తం ఉంది. నేనే పట్టుబట్టి ఆపరేషన్‌కు ఒప్పించాను."

ఆ వారం ఆగి ఉంటే మా పిల్ల మరుసటి ఏటి పిల్లల్లో అందరికంటే పెద్దదయ్యేది. నక్షత్రం చూసుకున్నాను, నెల చూసుకోలేదు.

మర్నాడు ఉదయం మా పిల్లను తీసుకుని కొలను దగ్గరికి వెళ్లి, "తారీఖు సరిగ్గనే ఉన్నది, పేరు పంపుండ్రి," అని కోచ్‌తో చెప్పాను. ఆయన అప్పుడే పంపాడు. నేను అనుమానపడ్డ సంగతి బావకు ఎవరు చెప్పారో, దగ్గరికి వచ్చాడు.

"నా వయసు దొంగదే బావ. పిల్లది గట్ల చేస్తనా?"

"చెయ్యవు," అన్నాను.

ముహూర్తం మాట చెప్పలేదు. ఆయన మనుమరాలు నీళ్లలోకి దూకింది. నేను అటు చూడకుండా మా పిల్ల తల తుడుస్తూ కూర్చున్నాను.