పసుపు బొట్టుకు చెదిరిన మొదటి కాపీ

మా గురువు కట్టిన భజన పాటలన్నీ నోటికి వచ్చినవాణ్ని మా ఊళ్లో నేనొక్కణ్నే మిగిలాను. ఇప్పుడు నా గొంతు పోతోంది. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ని, రాయడం నా వల్ల కాదు. నేను పాడుతుంటే మా కోడలు కంప్యూటర్‌లో టైపు చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించింది. భజనకు కూర్చునేది ముప్పై మంది. ఐదు వందల కాపీలకు తక్కువైతే అచ్చు ప్లేట్ల ఖర్చు కూడా రాదని పెద్ద ప్రెస్సువాళ్లు తిప్పి పంపారు. మెదక్‌లో ఇంక్‌జెట్ మిషన్ మీద ఎన్ని కావాలంటే అన్నే వేస్తారని తెలిసి బయలుదేరాను. మర్నాడే ఏకాదశి భజన.

కౌడిపల్లిలో పొద్దున్నే బస్సెక్కితే ఎండ ముదరకముందే మెదక్ బస్టాండులో దిగవచ్చు. బస్సులో ఆడవాళ్లకు ఫ్రీ, నాకు మాత్రం టికెట్. అక్కడి నుంచి షేర్ ఆటో.

"ఏం తాతా, చర్చి చూడనీకి వచ్చినవా?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు పుట్టకముందే చూసిన. పుస్తకం అచ్చేయించనీకి పోతున్న, నడువు."

"నువ్వే రాసినవా?"

"నేను పాడిన. రాసుడు ఎవలైనా రాస్తరు."

షాపు సరోజ అనే ఆవిడది. పెన్‌డ్రైవ్ పెట్టగానే మిషన్ సన్నగా సిరా చిమ్ముకుంటూ పేజీలు తీసింది. ప్లేట్లు లేవు, గోల లేదు. కాసేపట్లో జిగురుతో అంటించిన అట్టతో సహా మొదటి కాపీ నా చేతికొచ్చింది. కొత్త పుస్తకానికి పసుపు పెట్టకుండా మా ఇంట్లో ఎవరూ తెరవరు. జేబులోని పసుపు పొట్లం విప్పి, వేలు తడిపి, మొదటి పేజీలో గురువు పేరు పక్కనే బొట్టు పెట్టాను. అక్షరాలు కరిగి, పేరంతా మరకైపోయింది.

"గిదేం సిరా బిడ్డా? బొట్టు పెడితేనే పాయె!"

"తడి తగుల్తదని ముందుగాల చెప్పొద్దా తాతా? ఇది నీళ్ల సిరా."

"పుస్తకమన్నంక పసుపు పెట్టరా? మీ ఇంట్ల పెట్టరా?"

సరోజ నవ్వేసింది. "పెడ్తం తాతా. మిషన్ కాడ కూసుంటే గదే యాదికి రాలే. లోపల ఇంకో మిషనుంది. దాని సిరా ఆరినంక నీళ్లకు కరగదు. జర నిదానంగ నడుస్తది, సాయంత్రమైతది."

"అయితే గానీ. ముందుగాల ఒక్క పేజీ తియ్యి, నేనే చూస్త."

పేజీ ఆరాక తడి పసుపు వేలితో గట్టిగానే రుద్దాను. అక్షరం కదలలేదు. అయినా గురువు పేరు కింద బొట్టుకు ఖాళీ గడి పెట్టించాను. బస్టాండు దగ్గర భోజనం చేసి, ఓ కునుకు తీసి వచ్చేసరికి ముప్పై పుస్తకాలు కట్ట కట్టి ఉన్నాయి. చెదిరిన కాపీని సరోజ చెత్తలో వేయబోతే లాక్కున్నాను.

ఏకాదశి నాడు రెండో పాట మధ్యలోనే నా గొంతు ఆగిపోయింది. పాట ఆగలేదు. ముప్పై మందీ పుస్తకం చూసి చివరి చరణం దాకా పాడారు. తప్పు పోతారేమోనని చెవి పెట్టి విన్నాను, పోలేదు. నా ఒళ్లో ఉన్నది ఆ చెదిరిన కాపీయే. నాకు చదివే పని లేదు కదా.

మీరూ కొన్ని కాపీలే వేయించుకోవాలనుకుంటే, ఒక్క పేజీ తీయించి, ఆరనిచ్చి, తడి వేలు పెట్టి చూడండి. మిగతావి ఆ తర్వాతే వేయమనండి.