చావుకు పిలుపులుండవు

ఎవరి సాయమూ లేకుండా నేను మొదటినుంచి చివరిదాకా చదివిన తొలి కాగితం మా అపార్టుమెంటు లిఫ్టులో అంటించిన నోటీసు. కరోనా రోజులవి. పెళ్లికి యాభైమందికి, అంత్యక్రియలకు ఇరవైమందికి మించి ఒకచోట గుమిగూడరాదని అందులో ఉంది. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. అంత చిన్న కాగితానికి లిఫ్టులో మూడుసార్లు పైకీ కిందికీ తిరిగాను.

నాకు చదువు చెప్పింది కింది ఫ్లాటులోని టీచరమ్మ. మధ్యాహ్నాలు పార్కింగులో గోడకు నల్లబల్ల ఆనించి వంటమనుషులకు, ఊడ్చేవాళ్లకు, ఆయాలకు, నాలాంటి ముసలివాళ్లకు దిద్దించేది. ఆమె భర్త కాకినాడ వైపు నుంచి వచ్చి గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైనవాడు. నోటీసు అంటించింది ఆయనే. సాయంత్రం ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఉంటే పట్టుకున్నాను.

"ఏంది తమ్మీ, పెండ్లికి యాభై, సావుకు ఇర్వయ్యేనా? సచ్చినోడు గంత అగ్గువనా?"

"అలా కాదండి అక్కయ్యగారూ. పెళ్లికి రెండు పక్షాలు కదండీ. చావుకి ఒక్కటే పక్షం."

"తీస్కపొయ్యెటోళ్లు రెండో పక్షం కాదా?"

"యమదూతలు కనబడరండి. కనబడనివాళ్లని లెక్కపెట్టక్కర్లేదు."

"మరి సచ్చినోడు కనబడ్తడు గద? పెండ్లికొడుకు యాభైల ఉంటె, పీనుగ గూడ ఇర్వైల ఉండాలె."

ఆయన వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. "లెక్కలోకొస్తే మాస్కు కూడా పెట్టాలి మరి!"

టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాకు మాత్రం పెట్టకండి బాబూ, ఊపిరాడదు."

ఆ వారమే మా క్లబ్ హౌసులో ఒక పెళ్లి జరిగింది. యాభై నిండాక వచ్చినవాళ్లు గేటు బయట ఎండలో నిలబడిపోయారు. లోపలివాళ్లు కదిలితే కదా! అక్షింతలు వెయ్యాలి, తినాలి, తాంబూలం అందుకోవాలి, పెద్దవాళ్లకు చెప్పి మరీ బయలుదేరాలి. ముందే లేచి వెళ్తే అలిగాడంటారు.

కొన్నాళ్లకు టీచరమ్మ పోయింది. కరోనా కాదు, నిద్రలో గుండె ఆగింది. నల్లబల్ల ఉండే గోడ పక్కనే ఐసుపెట్టెలో పడుకోబెట్టారు. నేను వెళ్లేసరికి ఆయన కాగితం మీద పేర్లు రాస్తున్నాడు, కొట్టేస్తున్నాడు.

"చుట్టాలతోనే ఇరవై నిండిపోతున్నారండి. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లని ఎక్కడ రాయను? వాళ్లు చూడకుండా ఆవిణ్ణి ఎలా పంపించను అక్కయ్యగారూ?"

"రాస్తె పిలిచినట్టే. పెండ్లికి పిలిస్తెనే పోవాలె, సావుకు పిలువకున్నా పోవాలె. ముందుగాల ఆ పెన్ను లోపల పెట్టు."

"పెట్టేస్తే అందరూ వచ్చేస్తారు. పోలీసులొచ్చి ఉన్నపళంగా తీసుకెళ్లిపొమ్మంటారు. ఆ నోటీసు నా చేత్తో నేనే అంటించానండీ!"

"నేను గూడ సదివిన. ఫలానా ఇర్వైమందని ఉన్నదా అండ్ల?"

"లేదండి."

"పొద్దుమూకేదాక వాళ్లే ఉండాల్నని ఉన్నదా?"

"లేదు. కానీ వంతులు పెడితే, వచ్చినవాళ్లని పొమ్మనేదెవరండీ? చావింట్లోంచి మనిషిని పొమ్మంటామా?"

"సావింట్ల ఎవలన్న పోయొస్తనని చెప్పి పోతరా, తమ్మీ?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. తరువాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చావింట్లో ఎవరూ ఎవరినీ సాగనంపరు. చూసి, చెప్పకుండా వెనుదిరగడమే మన పద్ధతి. చిన్నప్పటినుంచీ నాకది ఏదో కటువుగానే తోచేది.

ఆమె సుద్దముక్కతోనే పెట్టె చుట్టూ ఇరవై సున్నాలు గీశాను. ఆయనకూ మోసేవాళ్లకూ పోగా మిగిలినవన్నీ వచ్చేవాళ్లకు. ఎవరు ఎవరికి చెప్పారో తెలియదు, జనం రావడం మొదలైంది. మా బ్లాకులో పనిచేసేవాళ్లు, ఎప్పుడో మానేసి మూసాపేట వెళ్లిపోయినవాళ్లు, బాచుపల్లి నుంచి బిడ్డను చంకనేసుకుని ఒక ఆయా. ఒక్కొక్కరు సున్నాలోకి రావడం, ముఖం చూడడం, దణ్ణం పెట్టడం, మాట లేకుండా వెళ్లిపోవడం. ఆ సున్నాలోకి ఇంకొకరు. తోసుకున్నవాళ్లు లేరు, కసిరినవాళ్లు లేరు.

గుట్టలు పగలగొట్టి ఇక్కడ అద్దాల మేడలు లేపుతుంటే చూసినదాన్ని నేను. అప్పుడు కూడా ఆశ్చర్యంతో నోరు తెరవలేదు. ఆ రోజు గేటు దాటి, మలుపు దాటి, చివర కనబడని ఆ వరసను చూసి తెరిచాను.

ఒక కానిస్టేబులు వచ్చాడు. లెక్కపెట్టాడు, ఇరవై. కాసేపాగి మళ్లీ పెట్టాడు. ముఖాలు వేరు, లెక్క ఇరవయ్యే.

"ఇంతమందిని ఎవరు పిలిచిండ్రమ్మా?"

"సావుకు ఎవలు పిలుస్తరు బిడ్డా?"

అతను గేటు వైపు తిరిగాడు. వరసకు అడ్డంగా ఉన్న తన బండిని పక్కకు జరుపుకున్నాడు.

నా సున్నా నేను ఖాళీ చెయ్యాల్సిన వేళా వచ్చింది. గీసినదాన్ని నేనే, అయినా గీత దాటబుద్ధి కాలేదు. ఆమె ముఖానికి మాస్కు పెట్టలేదు. చూశాను. చెప్పకుండా కదిలాను. మా మెట్లు ఊడ్చే ఆమె నా చోట్లోకి వచ్చి నిలబడింది.

నెల దాటాక ఆయన మళ్లీ బెంచీ మీదికి వచ్చాడు. 

"ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటున్నానండి. అయినా ఒక్కణ్ణే అనిపించట్లేదు. ఇప్పుడు మేం ఎంతమందిమంటారు అక్కయ్యగారూ?"

"ఇద్దరు," అన్నాను. "ఆమెకు మాత్రం మాస్కు పెట్టకు."