ట్రాక్టరెక్కి రాసిన నడక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఉండేది కాదు. డిగ్రీ చేతికొచ్చి ఆర్నెల్లయింది, నంద్యాలలో ఒక వారపత్రికవాళ్లు (పేరు చెప్పినా గుర్తుపట్టేవాళ్లు ఇరవై మంది ఉండరు, అందులో సగం మా బంధువులు) మూడు నెలలు చూస్తామని ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఇంక జ్ఞానానికి కొదవేముంది? ఇప్పుడు నాకు తెలియనివి రోజుకొకటి బయటపడుతున్నాయి గానీ, అప్పట్లో మాత్రం నా తలలో అన్నీ ఉండేవి, ఒక భయం కూడా ఉండేది. మా నాయన ఊళ్లో ఎరువుల అంగడి దగ్గర నిలబడి, అడిగినవాడికీ అడగనివాడికీ, "మావోడు పేపర్లో ఉండాడప్పా" అని చెప్పేవాడు. ఆ మూడు నెలలు గట్టెక్కకపోతే నేను పెట్టె పట్టుకుని ఆ అంగడి ముందునుంచే ఇంటికి పోవాలి. వేరే దోవ లేదు.

మా ఎడిటరు సారు మాట తక్కువ, మీసం ఎక్కువ. ఒకరోజు నన్ను పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు. ఇంగ్లండులో ఏదో పల్లెవాళ్లు అచ్చు వేసుకున్నదట. మా ఊళ్లో ఫలానా బస్సెక్కండి, ఫలానా చోట దిగండి, గొర్రెల దొడ్డి పక్కగా నడవండి, చేనుకు అడ్డంగా దాటండి, వంతెన దగ్గర టీ తాగండి, నాలుగింటి బస్సుకు ఇల్లు చేరండి, ఇదీ అందులో సంగతి. (చేనుకు అడ్డంగా దాటితే మా వైపు కాళ్లు మిగలవని ఆ పల్లెవాళ్లకు తెలియదు పాపం.) "మనకు మాత్రం బస్సుల్లేవా, దోవల్లేవా? వారానికొక నడక రాయి. జనం చదివి నడిస్తే నువ్వుంటావు" అన్నాడు సారు. నడవకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

మొదటి నడకకు ఆళ్లగడ్డలో దొర్నిపాడు బస్సెక్కి కాలువ స్టేజీ దగ్గర దిగాను. కాలువగట్టు వెంబడి పోతే ఒక పల్లె వస్తుంది (ఆ పల్లె పేరు రాయను, వాళ్లకు నా మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు), అక్కడినుంచి మూడున్నరకు ఆళ్లగడ్డకు బస్సుంది. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు పూతకొచ్చిన శనగచేలు, దూరంగా నల్లమల. చేతిలో నోటుపుస్తకం, మెడలో తువ్వాలు. ఇరవై అడుగులు వేశానో లేదో వెనకనుంచి ట్రాక్టరొచ్చి ఆగింది. "యాడికి పోతాండావప్పా?" అన్నాడు నడిపే ఆయన. "యాడికీ లేదన్నా, ఊరికే నడుస్తాండా" అన్నాను. ఆయన నా ముఖంలోకి జాలిగా చూసి, "ఊరికే ఏంటికి నడుస్తావు? ఎక్కు" అన్నాడు. వద్దన్నాను. ఆ ఒక్క మాటతో ఆయన ముఖం మాడిపోయింది. "ఏం, మా బండి నీకు పనికిరాదా? మేం మనుషులం కాదా?" అని ఇంజను ఆపేశాడు. మా వైపు నడిచే మనిషిని ఎక్కించుకోకపోవడం ఎంత తప్పో, ఎక్కమంటే ఎక్కకపోవడం అంతకు రెండింతల తప్పు. ఎక్కాను. ఇరవై ఐదు నిమిషాల్లో పల్లె వచ్చింది, ఆయన టీ కూడా తాగించాడు.

ఇక్కడ నా జ్ఞానం పనిచేసింది. ట్రాక్టరు ఎంత వేగంగా పోతుంది గనక, మనిషి కంటే కాస్త ముందుంటుంది అంతే కదా అని ఐదు నిమిషాలు కలిపి, 'హాయిగా అరగంట నడక, పెద్దలకు కూడా అనుకూలం' అని రాశాను. అంతటితో ఊరుకోవచ్చు కదా? 'దారిలో ఎవరైనా వాహనం ఎక్కమంటే మర్యాదగా తిరస్కరించండి, ఎక్కితే నడకలోని ఆనందం పోతుంది' అని కూడా రాశాను. సారు చదివి తల ఊపాడు. నేను ఆ తల ఊపడాన్ని వారం రోజులు తలుచుకుంటూ బతికాను.

అచ్చయిన తర్వాత సోమవారం మా ఆఫీసుకు ఒక టీచరమ్మ వచ్చింది. రిటైరైంది, చర్చిలో ఆడవాళ్ల సమాజానికి పెద్ద. తెల్లచీర, చేతిలో నా నడక కత్తిరించిన కాగితం, ఇంకో చేతిలో అంటించని కవరు. ఆదివారం ఆరాధన అయ్యాక చిత్రాన్నం డబ్బాలు కట్టుకుని, ఇంకో ఐదుగురు అమ్మలను వెంటబెట్టుకుని నా అరగంట నడకకు పోయిందట. మూడు ట్రాక్టర్లు ఆగాయట. ఆమె టీచరు కదా, అచ్చులో ఉన్నదాన్ని తూచా తప్పకుండా పాటించి, మూడింటినీ మర్యాదగా తిరస్కరించిందట. బస్సు పోయింది. ఆ ఐదుగురు అమ్మలు ఇంకా ఆమెతో మాట్లాడటం లేదట.

"ఈ దోవ నువ్వు నడిచినావా?" అని అడిగింది.

"నడిచినానమ్మా."

"కాళ్లతోనేనా?"

నేను బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను. సర్దుతూనే, "మీకు మోకాళ్ల నొప్పులేమో కదమ్మా, దానివల్ల ఆలస్యమైంటుంది" అన్నాను. ఆమె కవరు నా ముందు ఆడించి, "ఇది మీ సారుకు రాసిన ఉత్తరం. వచ్చే ఆదివారం నాతో వచ్చి నడిచి చూపించు. దాన్నిబట్టి దీన్ని ఇయ్యాల్నా, చించాల్నా చూస్తా" అంది. సారు ఆ పూట ప్రెస్సుకు పోయి ఉండబట్టి బతికాను.

ఆదివారం ఒంటిగంటన్నరకు కాలువ స్టేజీ దగ్గర దిగాం. అరగంట గడిచింది, శనగచేలే ఉన్నాయి. గంట గడిచింది, ఇంకొన్ని శనగచేలు వచ్చాయి. ఆగిన ప్రతి బండికీ నేను దండం పెట్టి వద్దని చెప్తుంటే, గడ్డిమోపుతో పోతున్న ఒక పెద్దమ్మ ఆగి, "అహోబిలానికి మొక్కుకున్న్యారా తల్లీ?" అని అడిగింది. "మేం చర్చోళ్లమమ్మా" అంది టీచరమ్మ. పెద్దమ్మ ఆలోచించి, "యేసయ్యకు గూడ నడుస్తారా? మంచిదే. మజ్జిగ తాగండి" అని చెంబు చేతికిచ్చింది. తాగుతూ టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి, బయటపడ్డానులే అనుకున్నాను. "చూసినారా అమ్మా, ఇట్ల ఆగడం వల్లే ఆలస్యం. ఆ పొద్దు నేనొక్కణ్ణే కాబట్టి సర్రున పోయినా" అన్నాను.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ట్రాక్టరొచ్చి ఆగింది. నడిపే ఆయన నన్ను చూసి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "ఓయప్పా! పోయిన నెల నా ట్రాక్టరెక్కినోనివి గదా నువ్వు? మళ్లా వచ్చినావే! ఎక్కు, ఎక్కు. అమ్మను గూడ ఎక్కించు."

నేను కాలువ వైపు చూశాను. దూకుదామంటే నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. టీచరమ్మ చెంబు పెద్దమ్మకిచ్చి, చెంగుతో మూతి తుడుచుకుని, ఆయన చెయ్యి పట్టుకుని ట్రాక్టరెక్కి పక్కన కూర్చుంది. నేనూ కాలెత్తాను. "నువ్వు యాడికి?" అంది. "నువ్వు నడువు. ఏమప్పా, బండి ఈ పిల్లోని పక్కనే పోనీ, ముందుకు పోనియ్యొద్దు."

ట్రాక్టరు మనిషి కంటే ఎంత వేగంగా పోతుందో ఆ పూట నాకు బాగా తెలిసొచ్చింది. దాన్ని నా అడుగుకు అడుగుగా నడపలేక ఆయన చెమటలు కక్కాడు. పొగ నా ముఖానికి, దుమ్ము నా నోటికి. పైన టీచరమ్మ గడియారం చూసుకుంటోంది. చివరికి ఆయన ఉండబట్టలేక, "ఏం తప్పు చేసినాడమ్మా ఈ పిల్లోడు?" అని అడిగాడు. "నడవకుండా నడిచినానని పేపర్లో రాసినాడు" అందామె. ఆయన కిందికి వంగి నన్ను చూసి, "దానికే ఇంత శిచ్చనా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్తున్నాను, దుమ్ము వల్ల కాదు.

పల్లె చేరేసరికి మొత్తం రెండు గంటల పది నిమిషాలు. బస్సు వెళ్లిపోయింది. టీచరమ్మ ట్రాక్టరు దిగి, కవరు నా చేతిలో పెట్టి, "దీన్ని నేనియ్యను. నువ్వే చించు. కానీ అచ్చులో చెప్పిన అబద్ధాన్ని నోటితో దిద్దితే పోదు నాయనా. అచ్చులోనే దిద్దాల" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రాత్రంతా ఎరువుల అంగడే కళ్లముందు తిరిగింది. పొద్దున ఆఫీసుకు పోయి రాశాను. 'ఈ నడక నేను నడవలేదు. ట్రాక్టరెక్కాను. అరగంట కాదు, రెండు గంటల పది నిమిషాలు. క్షమించండి.' అంతే. ముప్ఫై పేజీల పరీక్ష రాసినప్పుడు కూడా నా చెయ్యి అంత నొప్పి పెట్టలేదు. సారు చదివి, మీసం మీద చెయ్యి వేసి, నా వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూసి, కాగితాన్ని ప్రెస్సుకు పోయే ఫైల్లో పెట్టాడు. నన్ను ఉద్యోగంలో ఉంచాడో, ఊడబెరికాడో చెప్పలేదు.

పత్రిక వచ్చిన రెండోరోజు ఆ పల్లెనుంచి నలుగురు పెద్దమనుషులు ఆఫీసులోకి దూసుకొచ్చారు. అయిపోయింది అనుకున్నాను. నా అబద్ధం సంగతి వాళ్లకు పట్టనే లేదు. "ఏంది సార్ ఇది? మా దోవలో మనిషి రెండు గంటలు నడిచి రావాలని వేసినారే! మా ఊర్లో ట్రాక్టర్లు లేవా? మనుషులు లేరా? చుట్టుపక్కల ఊర్లోల్లు నగుతాండారు. మా మానం పాయె!" అని బల్ల గుద్దారు. మా సారు నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. వాళ్లకు టీ తెప్పించి, పంపించి, నాతో, "నడకలు చాలప్పా. రేపటినుంచి డెస్కులో కూచొని, వచ్చిన రాతలు దిద్దు. నీ రాతను నువ్వే కొట్టుకోగలవు, ఇంకొకరిది గూడ కొట్టగలవు" అన్నాడు. అప్పుడే అర్థమైంది, నేను ఎరువుల అంగడి ముందునుంచి తలెత్తుకుని పోవచ్చని.

ఇన్నేళ్లలో ఆ డెస్కు మీద ఎందరి రాతలు కొట్టానో లెక్కలేదు. ఇప్పుడు ఆ కాలువగట్టు మీద తారు వేశారు. పనిమీద అటు బైకులో పోతున్నప్పుడు అప్పుడప్పుడూ అనుకుంటాను, ఆ పిల్లవాడు మెడలో తువ్వాలుతో, దుమ్ము కొట్టుకుపోయి, ట్రాక్టరు పక్కన ఏడుస్తూ ఎదురొస్తే ఏం చేస్తానా అని. మా వైపు మనిషిని కదా, బండి ఆపకుండా పోలేను. ఆపుతాను. మంచినీళ్ల సీసా ఇస్తాను. ఎక్కించుకోను మాత్రం.