పైన ఒక సరే, కింద ఒక సరే

ఆ రోజుల్లో, అంటే ఈమెయిలు మా వీధుల్లోకి రాకముందు, జవాబు ఎక్కడ రాయాలని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. కార్డు వస్తే చదివేవాళ్ళం, ఇంకో కార్డు కొని దాని మీద రాసి డబ్బాలో వేసేవాళ్ళం. వచ్చినది మన అలమరలో ఉండేది, పంపినది వాళ్ళ ఊరికి పోయేది. ఆ రెండూ మళ్ళీ ఎక్కడా కలిసేవి కావు. ఈమెయిలుతో ఆ సుఖం పోయింది. మనకు వచ్చిన ఉత్తరమే మన జవాబును పట్టుకుని వెనక్కి బయలుదేరుతుంది. మన మాట దాని పైన రాయాలా, కింద రాయాలా అన్నది మన మెడకు చుట్టుకుంటుంది. ఇప్పటి పిల్లలకు ఫోను ఆ పాత మాటలన్నిటినీ మూడు చుక్కల వెనక దాచేస్తుంది కనుక ఇదొక బాధ అని కూడా తెలియదు. నాకు మాత్రం ఆ పైకీ కిందికీ మధ్య ఒక పెళ్ళివారింట్లో పెద్ద గందరగోళమే జరిగింది. జరిగింది అనడం కూడా తప్పేమో, నేనే చేశాను.

డిగ్రీ అయిపోయి, ఏదో పోటీ పరీక్ష రాసి ఫలితాల కోసం చూస్తూ (ఆ ఫలితాల సంగతి ఇక్కడ వద్దు) చిక్కడపల్లి సందులో పెళ్ళి పత్రికలు అచ్చువేసే ఒక ప్రెస్సులో చేరాను. నాకు అచ్చు పని రాదు, పేపరు కొయ్యడం రాదు, తెలుగు టైపు అంతకన్నా రాదు. వచ్చిందల్లా ఈమెయిలు. అప్పుడప్పుడే జనం అచ్చువెయ్యాల్సిన మ్యాటరు కాగితం మీద కాకుండా మెయిల్లో పంపడం మొదలుపెట్టారు. మా యజమానికి (ఆయన్ని అందరం ప్రెస్ సార్ అనేవాళ్ళం) మెయిలు వచ్చే ఆ కంప్యూటరు డబ్బా అంటే భయం. అందుకని నన్ను దాని ముందు కూర్చోబెట్టి, ఒకే ఒక్క పాఠం చెప్పాడు. జవాబు ఎప్పుడూ పైన రాయాలి. "కస్టమర్ పెద్దమనిషి ఉంటడు, జవాబు కోసం కిందిదాక దిగుతడా? తెరవంగనే కనబడాలె" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. రెండు నెలల పాటు నగరమంతటికీ పైన రాస్తూ పోయాను.

మెయిల్లో వచ్చిన మ్యాటరును నేను కాగితం మీద తీసి ఇస్తే, దాన్ని చూసి మళ్ళీ మా అచ్చు అక్షరాల్లో కొట్టేవాడు పాలమూరు నుంచి వచ్చిన ఒక అన్న. ఆయన్ని మక్కికి మక్కి అన్న అనేవాళ్ళం. ఎందుకంటే ఆయన ఎదుట పెట్టిన కాగితంలో ఏది ఉంటే అది కొట్టేవాడు, చుక్క వదిలేవాడు కాదు, చుక్క కలిపేవాడు కాదు. ఒకప్పుడు ఎక్కడో ఒక పత్రికలో పెళ్ళికొడుకు పేరులో తప్పుందనుకుని తానే దిద్దాడట. అది తప్పు కాదట, ఆ అబ్బాయి పేరే అంతట. ఆ రోజు పడిన తిట్లతో, ఇక అక్షరాల గురించి తాను ఆలోచించకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

అటువంటి మా దగ్గరికి అశోక్‌నగర్ నుంచి సూపరింటెండెంట్ గారు వచ్చారు. ఏదో సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు నడిపి రిటైరైన మనిషి. ఒక్కగానొక్క కూతురి పెళ్ళి. పత్రిక మ్యాటరు మెయిల్లో పంపారు. నేను దాన్ని వరుసలో పెట్టి, సరిచూడమని తిరిగి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది. తెరిచి చూస్తే నేను పంపినదే నాకు కనిపించింది. ప్రతి వరుస ముందూ ఒక బాణం గుర్తు మాత్రం కొత్తగా మొలిచింది. ఆయన పొరపాటున నాదే నాకు పంపారేమో అనుకుని, అలాగే చెబుదామని సిద్ధమవుతుండగా కిందెక్కడో కొత్త మాట ఏదో ఉన్నట్టు తోచింది. దిగి చూస్తే, ఒక్కో వరుస కిందా ఒక్కో జవాబు ఉంది. వియ్యంకుడు గారి పేరు కింద "ఈయన డిగ్రీ పేరు తర్వాత రావలెను, ముందు కాదు" అని, విందు వరుస కింద "పన్నెండు కాదు, పన్నెండున్నర" అని, ఫైలు మీద నోటు రాసినట్టు రాసుకుంటూ పోయారు.

నేను నా పాఠం ప్రకారం అన్నిటికీ పైన "సరే సార్, మార్చాము" అని రాశాను. పావుగంటలో ఫోన్ మోగింది. "బాబు, ప్రశ్న కంటే ముందుగాల జవాబెట్ల వస్తది?" అని ఆయన చాలా మర్యాదగా అడిగారు. "దేనికి సరే అన్నవ్? డిగ్రీకా, విందుకా? కింద రాయాలె, దేని జవాబు దాని కిందనే రాయాలె. ఫైల్ అట్లనే నడుస్తది." ఇది కూడా నాకు సబబుగానే తోచింది. (ఆ వయసులో ఎవరు ఏం చెప్పినా నాకు సబబుగానే తోచేది, అదే నా అసలు సమస్య.) ప్రెస్ సార్‌కు చెబితే ఆయన ముఖం చిట్లించి, ఇది గవర్నమెంటు కాదు, ప్రెస్సు, పైన్నే రాయమన్నాడు. అడుగుదామంటే మూడో మనిషి లేడు. నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి, ఒక చాయ్ తాగి, చాలాసేపు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇకమీదట పైనా రాస్తాను, కిందా రాస్తాను. ఎవరికి ఎక్కడ కావాలంటే వాళ్ళు అక్కడ చూసుకుంటారు. ఆ సాయంత్రం నేను చాలా తెలివైనవాణ్ణని నాకు అనిపించిన మాట దాచను.

ఈలోగా ఆ మెయిళ్ళలోకి వాళ్ళమ్మాయి వచ్చింది. ఆమె ఏదో కంపెనీలో పనిచేసేది. అక్కడంతా పైన రాసేవాళ్ళే కాబోలు, తండ్రి పంపిన కాపీకి ఆమె అన్నిటికన్నా పైన రెండు వాక్యాలు రాసి అందరికీ పంపింది. తండ్రి దాన్ని తెరిచి, అలవాటు ప్రకారం ఒక మీట నొక్కి నేరుగా అడుగుకు దిగి, అక్కడ "అన్నియు సరిగా ఉన్నవి. సాంపిల్ కార్డు వేయగలరు" అని రాసి అందరికీ పంపారు. అంటే ఇప్పుడు నా ఎదుట ఉన్న మెయిల్లో పైన కూతురు ఏదో వద్దంటోంది, అడుగున తండ్రి అన్నీ సరిగ్గా ఉన్నాయంటున్నాడు. మధ్యలో ఒక బాణం వరుసలు, రెండు బాణాల వరుసలు, మూడు బాణాల వరుసలు. ఎవరు ముందు అన్నారు, ఎవరు తర్వాత అన్నారు? బాణం లేని మాటే కొత్త మాట అని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు అవి మెయిలుకు పట్టిన ఏదో తెగులనుకునేవాణ్ణి. ఫోన్ చేసి అడగొచ్చు. కానీ అడిగితే నాకు ఈమెయిలు రాదని తెలిసిపోతుంది, నాకు వచ్చిందే అదొక్కటి. అందుకని పైన "సరే సార్" అని రాశాను. అడుగున "సరే సార్" అని రాశాను. అందరికీ పంపాను. కూతురు తన మాట పక్కనే సరే కనబడేసరికి, తన మాట చెల్లిందనుకుని ఊరుకుంది. తండ్రి తన మాట కింద సరే చూసి, తన మాట చెల్లిందనుకుని ఊరుకున్నాడు. తర్వాత నేను ఆ మెయిలంతా కాగితం మీదకు తీసి మక్కికి మక్కి అన్నకు ఇచ్చాను.

అన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇందుల ఏది కొట్టాలె, ఏది ఇడ్వాలె?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర నేను ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. నాకూ తెలియదని చెప్పడానికి నోరు రాక, ఉన్నది ఉన్నట్టు కొట్టన్నా, తర్వాత సార్ చూసుకుంటాడు అన్నాను. సార్ ఆ రోజు పేపరు కోసం బజారుకు వెళ్ళాడు. సూపరింటెండెంట్ గారు మూడుసార్లు ఫోన్ చేశారు. నల్లకుంట నుంచి వియ్యంకుడు గారు వచ్చి కూర్చున్నారట, సాంపిల్ ఉంటే వెంటనే తెమ్మన్నారు. అన్న పసుపు కార్డు మీద ఎర్రని అక్షరాలతో తీసి ఇచ్చిన సాంపిల్ మడతపెట్టి ఉంది. దాన్ని అలాగే కవర్లో పెట్టుకుని అశోక్‌నగర్‌కు నడిచాను. చేతిలో ఉన్నదాన్ని ఒకసారి విప్పి చూడాలని దారిపొడవునా ఒక్కసారి కూడా తట్టలేదు.

ముందుగదిలో సూపరింటెండెంట్ గారు, వియ్యంకుడు గారు, ఒక పక్కగా అమ్మాయి ఉన్నారు. లోపలినుంచి ఒక పెద్దావిడ చాయ్ పళ్ళెం తెచ్చింది. ఆమె సూపరింటెండెంట్ గారి అక్క, అమ్మాయికి మేనత్త. చిన్నప్పుడే తల్లి పోయిన ఆ పిల్లను పెంచింది ఆమేనని, మెయిలు సరిగ్గా చదవని నాకు అప్పటికి తెలియదు. నన్ను కూడా కూర్చోమని ఒక కప్పు ఇచ్చింది. వియ్యంకుడు గారు కళ్ళద్దాలు పెట్టుకుని, అందరూ వినాలని గొంతు సవరించుకుని కార్డు విప్పారు. పసుపు కార్డుల మీద ముందే అచ్చై ఉండే శ్రీరస్తు, శుభమస్తు చదివారు. ఆ తర్వాత కొంచెం ఆగి, "సరే సార్" అని చదివారు.

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం కొద్దికొద్దిగా అర్థం కావడం మొదలైంది. ఆయన తర్వాతి వరుస దగ్గర ఈ బాణాలేందని నన్ను అడిగారు. డిజైన్ సార్, అన్నాను. (ఎందుకన్నానో ఇవ్వాళ్టికీ తెలియదు.) ఆయన తలూపి చదివారు: "నాన్నా, అత్తమ్మ పేరు లేకుండ ఈ పత్రిక నాకు వద్దు. నన్ను పెంచింది అత్తమ్మ."

ఆయన గొంతు చివరి మాట దగ్గర తగ్గిపోయింది. సూపరింటెండెంట్ గారు కార్డును కాకుండా కూతురిని చూశారు. ఇది ఎప్పుడు రాశావని అడిగారు.

"సోమవారం రాసిన. పైన్నే ఉండె నాన్నా."

"పైన నేనెందుకు చూస్త బిడ్డా" అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు. దారి తప్పిన మనిషి గొంతులా ఉంది.

మేనత్త పళ్ళెం బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. తన పేరు వద్దని తమ్ముడికి చెప్పింది తానేనంది. భర్త పోయిన దాన్ని, శుభకార్యం పత్రికలో ఎందుకులే అనుకున్నానంది. ఆమె అది చాలా మామూలుగా, చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. అమ్మాయి లేచి ఆమె పక్కకు వచ్చి నిలబడింది. "జెరమొస్తే రాత్రంత కూసున్నది నువ్వు. నా బడి కాగితాల మీద సంతకం వెట్టింది నువ్వు. ఇప్పుడు పేరుకే అడ్డమొచ్చిందా?" అంది. సూపరింటెండెంట్ గారు, అక్క వద్దంటే తాను సరేనన్నానని, బిడ్డను ఒక్క మాట అడిగి ఉండవలసిందని, నేల చూస్తూ అన్నారు.

నేను అక్కడినుంచి ఎలా మాయం కావాలా అని తలుపు వైపు చూస్తున్నాను. అప్పుడు వియ్యంకుడు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మేనత్త వైపు తిరిగి, "మేమేమన్న అనుకుంటమని భయపడ్డరా అక్కా? ఆహ్వానించేవాళ్ళల్ల మొదటి పేరు మీదే ఉండాలె. నాకైతే అదే ముద్దు" అన్నారు. ఆమె మొదటిసారి కుర్చీలో కూర్చుంది. ఆయన గదిని తేలిక చేద్దామనుకున్నారో ఏమో, మిగతాది కూడా చదువుదామని మళ్ళీ కార్డు ఎత్తారు. తన పేరు చదివారు. దాని కింద, అంతే పెద్ద అక్షరాల్లో ఉన్నదీ చదివారు: ఈయన డిగ్రీ పేరు తర్వాత రావలెను, ముందు కాదు. తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టారు, ఇక ఆపలేకపోయారు. విందు పన్నెండు కాదు పన్నెండున్నర అన్న చోటికి వచ్చేసరికి సూపరింటెండెంట్ గారు కూడా నవ్వారు. అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కార్డు అడుగున అందంగా, మధ్యకు సర్ది, "సరే సార్" అని ముగిసింది. నేను ఒక్కణ్ణే నవ్వలేదు, ఎందుకంటే నవ్వాలో వద్దో నాకు ఇంకా తేలలేదు.

ప్రెస్ సార్ తిట్లు తిట్టాడు కానీ పనిలోంచి తియ్యలేదు. సూపరింటెండెంట్ గారే వచ్చి, ఆ కుర్రాడిని ఏమీ అనొద్దని చెప్పిపోయారట. కొత్త పత్రిక మేనత్త పేరుతో మొదలై, బాణాలేవీ లేకుండా శుభ్రంగా అచ్చయింది. నన్ను పెళ్ళికి పిలిచారు. బంతిలో కూర్చుని జిలేబీ కొరుకుతుండగా మేనత్త వచ్చింది. కొత్త పట్టుచీర కట్టుకుంది. చుట్టుపక్కల వాళ్ళందరికీ నన్ను చూపించి, ఈ పిల్లగాడే మా పత్రిక కొట్టింది, బహు తెలివిగల్లోడు, మా ఇంట్ల ఎవరూ నోరు తెరిచి అడగని మాట అచ్చేసి చూపించిండు అని చెప్పింది. నేను ఒక్క అక్షరం కొట్టలేదనీ, ఆ మాట అచ్చుకెక్కింది నా తెలివి వల్ల కాదు, తెలియదని చెప్పలేని నా సిగ్గు వల్లననీ అక్కడే చెప్పవలసింది. జిలేబీ నోట్లో ఉందని ఊరుకున్నాను. అది మింగాక కూడా ఊరుకున్నాను.

మనసు ఊరుకోక, రెండు లడ్డూలు కాగితంలో చుట్టుకుని ప్రెస్సుకు పోయాను. మక్కికి మక్కి అన్నకు ఇచ్చి, నిన్నే మెచ్చుకున్నారన్నా అన్నాను. ఆయన మానిటరు మీదనుంచి కళ్ళు తిప్పకుండా, "నన్నెందుకు? ఉన్నది కొట్టిన" అన్నాడు. లడ్డూ మాత్రం సగం విరిచి నాకే పెట్టాడు. ఆ తర్వాతి ఏడు ఆయన పాలమూరు వెళ్ళిపోయాడు, మళ్ళీ కలవలేదు. ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ఏదైనా అడిగితే తెలియదని నిమిషంలో చెప్పేస్తాను, వాళ్ళు అది పెద్దవాడి వినయం అనుకుంటారు. ఆ పెళ్ళి బంతిలో ఎవరిదో పొగడ్తను చెవిలో, ఎవరిదో జిలేబీని నోట్లో పెట్టుకుని, తల వంచుకుని మురిసిపోతున్న ఆ ఇరవై రెండేళ్ళవాణ్ణి తలచుకుంటే తిట్టాలనే అనిపిస్తుంది. కానీ వాడు అప్పటికే ఇంకొకటి వడ్డించమని విస్తరి ముందుకు జరుపుతూ కనిపిస్తాడు, నాకు నవ్వొచ్చేస్తుంది.