బురుజు వెనక పనివాడు

నిన్న మధ్యాహ్నం మూడుంబావుకి కొత్తగూడలో మా అపార్ట్‌మెంటుకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు బల్ల కిందున్న యూపీఎస్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. లాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగు నడుస్తోంది, అద్దాల కిటికీ అవతల ఫ్లైఓవర్ మీద బండ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. నేను కుడిచెయ్యి మౌస్ మీద పెట్టి, ఏం చెయ్యాలో ఎవరైనా చెబుతారేమోనని ఆగాను. ఒకప్పుడు ఆ అరుపు వినగానే చెప్పేవాడు మా అన్నయ్య. నిరుడు వానాకాలంలో పోయాడు.

మా చిన్నప్పుడు మేము బాలానగర్‌లో సత్తెమ్మ అవ్వ ఇంట్లో వెనకవైపు రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. అమ్మానాన్నలు తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళు. నాన్న ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు, అమ్మ నర్సు. పగలంతా వీధిలో ఇనుము కోసే చప్పుడు, సాయంత్రం నాన్న చొక్కా విప్పితే గది నిండా మిషన్ ఆయిల్ వాసన, దాంట్లో అమ్మ చీరకి అంటుకొచ్చిన ఆసుపత్రి ఫినాయిల్ వాసన, పెరట్లో అవ్వ ఎండబెట్టిన మిరపకాయల ఘాటు. ఇవన్నీ కలిస్తేనే అది మా ఇల్లు. ఇప్పుడు ఈ వాసనల్లో ఏది విడిగా తగిలినా గుర్తుపట్టగలను గాని, మూడూ కలిసి మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

నేను నాలుగో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో అన్నయ్య సైకిలుని ఆటో గుద్దింది. తొడ ఎముక విరిగింది. వాడికప్పుడు పన్నెండేళ్ళు. నడుము నుంచి మడమ దాకా సిమెంటు కట్టు వేసి, వానలు పడేదాకా మంచం దిగకూడదన్నారు. గదికి ఒకటే కిటికీ, దాని నిండా కూలర్. బయట పిల్లలు క్రికెట్ ఆడుతుంటే బంతి గోడకి తగిలిన చప్పుడు మాత్రమే వాడికి చేరేది, చప్పుణ్ణిబట్టి ఎవడు కొట్టాడో చెప్పేవాడు. కట్టు లోపల దురద పుడితే గోక్కోవడానికి నాన్న ఒక కర్రస్కేలుకి గుడ్డ చుట్టి ఇచ్చాడు. ఈస్టర్‌కి వాణ్ణి చర్చికి తీసుకెళ్ళడం కుదరక, అమ్మ కోడిపలావు గిన్నె తెచ్చి మంచం మీదే పెట్టి, నలుగురం అక్కడే ప్రార్థన చేసుకుని తిన్నాం. కట్టు వేసిన మొదటి వారంలో వాడు గోడ వైపు చూస్తూ పడుకునేవాడు, పిలిచినా తిరిగేవాడు కాదు. రెండో వారంలో నాన్న ఎవరో ఆఫీసు మార్చుకుంటూ అమ్మేసిన పాత కంప్యూటర్ తెచ్చి, మంచం పక్కన బల్ల మీద పెట్టాడు. దాంతో పాటే యూపీఎస్, దాంతో పాటే ఒక సీడీలో ఆ ఆట.

దానికి ఇంగ్లీషులో ఏదో పేరుండేది, మేము బురుజులాట అనేవాళ్ళం. మొదట తెరంతా చీకటి. మధ్యలో చిన్న వెలుగులో ఒక కోట, నలుగురు పనివాళ్ళు, ఒక బంగారు గని. వాళ్ళు గని తవ్వి, అడవి నరికి, పొలాలు వేసి, ఇళ్ళూ బురుజులూ కడితే సైన్యం తయారవుతుంది. నువ్వు కడుతున్నంతసేపూ అవతల కనబడని చీకట్లో శత్రువు కూడా కడుతూనే ఉంటాడు, వాడు నీకోసం ఆగడు. మనుషులు, అడవి మనుషులు, ఎముకల గుంపు అని మూడు పక్షాలుండేవి. ఎముకల గుంపుకి చచ్చినవాళ్ళు మళ్ళీ లేచి వస్తారు, ఎంతమంది పోయినా నష్టం లేదు. వీధిలో పిల్లలందరికీ అదే ఇష్టం. ఆ పక్షాన ఆడితే కంప్యూటర్ వచ్చినచోటికే పోతుందని అమ్మ చెప్పింది. అందుకని మేమెప్పుడూ మనుషులమే. నా మట్టుకు ఇప్పటికీ ఆ మూడింటిలో ఆడదగ్గ పక్షం అదొక్కటే అనిపిస్తుంది. పోయినవాళ్ళు లేచి వచ్చే ఆటలో జాగ్రత్తపడటానికి ఏముంటుంది?

మంచం మీద నుంచి అన్నయ్య చెయ్యి మౌస్‌కి అందేది కాదు. అందుకని వాడు చెప్పేవాడు, నేను కదిపేదాన్ని. “చిన్నీ, గని దగ్గరికి ఇద్దరు. ఉత్తరం వైపు ఒక బురుజు. తొందరపడకు.” కొన్నాళ్ళకి వాడు నోరు తెరవకముందే నా చెయ్యి కదలడం మొదలుపెట్టింది. నాన్న డ్యూటీ దిగి వచ్చి తలుపుకి ఆనుకుని చూసేవాడు. “వీళ్ళకి షిఫ్టు లేదేంట్రా? పొలాలు వేస్తున్నారు గాని ఒక్కడూ అన్నం తినడే.” అన్నయ్య నవ్వితే కట్టు లోపల నొప్పి పుట్టేది, అయినా నవ్వేవాడు.

ఆ ఆటలో ఒక లోపం ఉండేది. చోటు కలిసొస్తుందని కట్టడాలు దగ్గరదగ్గరగా కడితే, కట్టిన పనివాడే వాటి మధ్య ఇరుక్కుపోయేవాడు. ఇటు ఇల్లు, అటు బురుజు, వెనక నరకడానికి వీల్లేని బండ. మౌస్‌తో నొక్కితే సరేనన్నట్టు తలూపేవాడు, అక్కడక్కడే రెండడుగులు తిరిగి ఆగిపోయేవాడు. ఆ ఆట ఆడే మిగతా పిల్లలు వాణ్ణి అలాగే వదిలేసి ఇంకొకణ్ణి తయారుచేసుకునేవాళ్ళు. దానికి అయ్యే బంగారం లెక్కలోది కాదు. అన్నయ్య ఒప్పుకునేవాడు కాదు. మన సైనికుల్నే పంపి, మన కట్టడాన్నే కొట్టించి, దారి చేసి వాణ్ణి బయటికి తెప్పించేవాడు. మా ఇంట్లో అదే రివాజు.

ఒకరోజు మధ్యాహ్నం, చాలా రోజులుగా సేవ్ చేసుకుంటూ వస్తున్న ఆటలో, మా పెద్ద బురుజు వెనక పనివాడు ఇరుక్కున్నాడు. ఎముకల గుంపు వచ్చే దారికి ఆ బురుజొక్కటే అడ్డం.

“పడగొట్టు,” అన్నాడు అన్నయ్య.

“వద్దన్నయ్యా, కోట పోద్ది. ఇంకొకణ్ణి చేద్దాం.”

“చేస్తే? వీడు?”

నేను సైనికుల్ని పంపాను. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. కూలర్ ఆగిపోయింది, యూపీఎస్ కీచుమంది. మాకు నాలుగైదు నిమిషాలుంటాయి, ఆలోపు సేవ్ చెయ్యకపోతే అన్ని రోజుల ఆటా పోతుంది. నా చెయ్యి సేవ్ వైపు వెళ్ళింది.

“వాడు బయటికొచ్చాక చెయ్యి.”

గదిలో ఉక్క పెరిగింది. ముంజకాయలు ఇవ్వడానికి వచ్చిన సత్తెమ్మ అవ్వ గిన్నె పట్టుకుని తెర ముందు నిలబడిపోయింది. “ఏంది బిడ్డా, మీ బురుజు మీరే కూలగొట్టుకుంటున్రా? జర తెలివున్నదా?”

“వాడు లోపల ఇరుక్కున్నాడవ్వా.”

“గా ఒక్కని కోసమా? వానికి పెండ్లాం పిల్లలున్నరా?”

“తెలీదవ్వా.”

అవ్వ తెర దగ్గరికి వంగింది. “ఉంటరు తియ్. కూలగొట్టు.”

యూపీఎస్ అరుపు ఎడతెగకుండా సాగింది. అన్నయ్య మోచేతుల మీద లేవబోయి, కట్టు లేవనివ్వక మళ్ళీ వెనక్కి పడ్డాడు. వాడి కళ్ళు తెర మీదే ఉన్నాయి. బురుజు మంటలు లేచి కూలింది. పనివాడు ఆ ఖాళీలోంచి నడిచి బయటికి వచ్చాడు, ఏమీ జరగనట్టు, భుజం మీద గొడ్డలితో. వాడి వెనకే తెర అంచున ఎముకల గుంపు కనబడింది. నేను సేవ్ చేశాను. తెర ఆరిపోయింది. అన్నయ్య ఊపిరి వదిలి, “అవ్వా, ముంజలు ఇటివ్వు,” అన్నాడు.

కరెంటు వచ్చాక తెరిస్తే ఎముకల గుంపు లోపలికొచ్చి కోట కూల్చేసింది. మిగిలిన ముగ్గురు పనివాళ్ళతో మ్యాపులో ఒక మూలకి పారిపోయి అక్కడ కట్టుకోవడం మొదలుపెట్టాం. అది పూర్తి కాలేదు. మొదటి వానలు పడిన వారంలో ఆసుపత్రిలో కట్టు కోసేశారు. లోపలి కాలు వాడిది కానట్టు సన్నగా, తెల్లగా పొట్టు రేగి ఉంది. కర్రల సాయంతో గుమ్మం దాటాడు, తర్వాత కర్రలు మానేశాడు, తర్వాత మళ్ళీ సైకిలెక్కాడు. ఆ కంప్యూటర్ వైపు చాలాకాలం తిరిగి చూడలేదు. నేనొక్కదాన్నే బల్ల ముందు కూర్చుని, కూలర్ చప్పుడులో, ఎవరూ చెప్పకుండా ఆడటానికి ప్రయత్నించేదాన్ని. నాకు చెయ్యి ఉంది గాని ఆట రాలేదు.

అన్నయ్య పెద్దయ్యాక బాచుపల్లిలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్పాడు. నిరుడు ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో చేరాడు. ఐసీయూలో కిటికీ లేదు. మాస్కు, గొట్టాలు, మంచానికి రెండువైపులా కటకటాలు. డాక్టర్లు ఇంకా ఉంచుదామన్నారు, బాగవుతాడని మాత్రం అనలేదు. మాస్కు తీసినప్పుడల్లా వాడు ఇల్లు అనే మాటొక్కటే అన్నాడు. వరండాలో వదిన నా చెయ్యి పట్టుకుంది.

“ఏం చేద్దాం చిన్నీ? ఇక్కడైతే ఇంకొన్నాళ్ళు ఉంటారంటున్నారు.”

“తీసుకెళ్దాం వదినా,” అన్నాను. బురుజు సంగతి ఆమెకి చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

ఇంట్లో నాలుగు రోజులున్నాడు. కిటికీ వైపు మంచం జరపమన్నాడు. కింద సెల్లారు ముందు పిల్లలు క్రికెట్ ఆడుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. బంతి గోడకి తగిలినప్పుడు వేలు కొంచెం కదిలేది.

ఆ ఆటని ఇప్పుడు కొత్తగా చేసి అమ్ముతున్నారు. పోయిన నెల కొన్నాను. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి, నీడలు కదులుతాయి, గనిలో దీపాలున్నాయి. మా టీములో ఒక కుర్రాడు కూడా ఆడతాడు, పాత లోపాలన్నీ తీసేశారని మెచ్చుకున్నాడు. నిజమే. కరెంటు వచ్చాక, మీటింగు అయిపోయాక, నిన్న సాయంత్రం ఒక పనివాణ్ణి కావాలనే మూడు గోడల మధ్య పెట్టి బురుజు కట్టించాను. కట్టడం పూర్తికాగానే వాడు తనంతట తానే గోడ అవతలికి జరిగి నిలబడ్డాడు. బురుజుకి బీట కూడా పడలేదు.

ఇప్పుడు ఆ ఆటలో ఒక పనివాడి కోసం ఎవరూ బురుజు పడగొట్టరు.