తేడా మేం కట్టుకుంటాం

ఆరోగ్య బీమాను కూడా బేరమాడి కొన్నవాణ్ని నేను. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి కుర్చీలూ కాఫీ మిషన్లూ కొనిపెట్టి, కొనిపెట్టి రిటైరయ్యాను. ఆఫీసు బీమా ఆ రోజుతోనే ఆగిపోయింది. నల్లగండ్లలో మా ఫ్లాటుకు వచ్చిన ఏజెంటును రెండు కాఫీల సేపు కూర్చోబెట్టి, ఏడాది ప్రీమియంలో తొమ్మిది వేలు తగ్గించాను. బీమా మాత్రం అదే ఐదు లక్షలు. ఆ సాయంత్రం వాకింగుకు వచ్చినవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాను, అడగనివాళ్ళకు కూడా.

మా నాన్నది ప్రొద్దుటూరులో బట్టల కొట్టు. ఎవరైనా మరీ పట్టుబడితే ఆయన నవ్వుతూ ధర తగ్గించి, అదే రంగులో కాస్త పలచటి తాను తీసి కోసిచ్చేవాడు. ఆ కొట్టులో పెరిగిన నేనే ఏజెంటు ఏ తాను తీశాడో చూసుకోలేదు. అతను మొదట చూపించిన పాలసీలో లేని రెండు షరతులు ఇందులో చేరాయి. రూము అద్దె రోజుకు ఐదు వేలు దాటకూడదు. వాళ్ళు ఒప్పుకున్న బిల్లులో కూడా నూటికి ఇరవై మేమే పెట్టుకోవాలి.

మూడేళ్ళు కట్టాక నా భార్య మోకాళ్ళు రెండూ మార్చాలన్నాడు డాక్టరు. ముందు కుడిది, ఆరునెలలకు ఎడమది. రోజుకు ఐదు వేల షేరింగ్ రూము చాలంది ఆవిడ. పక్కమంచం మనిషి దగ్గితే ఆవిడకు నిద్ర పట్టదని నాకు తెలుసు. తొమ్మిది వేల సింగిల్ రూమును ఎనిమిది వేలకు దించి, తేడా మేం కట్టుకుంటామన్నాను. ఆసుపత్రి బీమా కౌంటరులో ఉన్న అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

“జర నా మాట ఇనుండ్రి అంకుల్. తేడా ఒక్కటే గాదు. రూము పెద్దదైతే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు గూడ గదే లెక్కల కోస్తరు. ఐదు వేల రూములనే ఉండుండ్రి.”

కౌంటరు అవతలి మనిషి మాట నమ్మడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. మంచి రూము ఇంకెవరికో దాచిపెడుతోందనుకుని సంతకం పెట్టేశాను.

నాలుగు రోజులకు బిల్లు మూడు లక్షలైంది. ఎనిమిది వేల రూముకు ఐదు వేలే ఒప్పుకున్నారు. అదే పాళ్ళలో సర్జన్, థియేటర్ ఖర్చు లక్షా అరవై వేలు లక్షకు దిగింది. కొత్త కీలు, మందుల జోలికి మాత్రం పోలేదు. వాళ్ళు కోసేసిందంతా మాదే, ఒప్పుకున్నదాంట్లో కూడా నూటికి ఇరవై మాది. నేను మనసులో అనుకున్నది డెబ్బై వేలు, కట్టింది లక్షా పదిహేడు వేల ఆరువందలు. ఐదు లక్షలన్నది కంపెనీ జేబుకు గీసుకున్న హద్దు అని అప్పుడు అర్థమైంది. నా జేబుకు హద్దు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

వాకింగులో మాత్రం మోకాలికి లక్ష దాటిందని చెప్పుకున్నాను. ఆ మాట ఆవిడ చెవినా పడింది. ఎడమకాలు ఈడుస్తూనే, “ఒక కాలు బాగైంది గదా, చాల్లే. ఇంకో లక్ష యాడ్నుంచి తెచ్చి పోస్తాం,” అంది. ఆసుపత్రికి ఫోన్ చేసి, డాక్టరు ఇచ్చిన తేదీ వద్దని కూడా చెప్పేసింది.

మర్నాడే ఆ బీమా కౌంటరు అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. బేరమాడకుండా అడిగాను. ఐదు వేల రూములో అయితే సర్జన్, థియేటర్ చార్జీలు కూడా తక్కువని, బిల్లు రెండున్నర లక్షలకు మించదని, మాకు పడేది యాభై వేలని లెక్క వేసి కాగితం మీద రాసిచ్చింది. ముందే చెప్పాను గదా అని మాత్రం అనలేదు. అనుంటే తేలిగ్గా ఉండేది.

ఇంటికొచ్చి ఆ కాగితం పక్కనే నా లెక్కా రాసి ఆవిడ ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

“అయితే నా మోకాలు చేసిన తప్పేం లేదు గదా.”

లేదన్నాను. ఆసుపత్రికి ఫోన్ చెయ్యమంది.

నా లెక్క ఇదీ. ఏజెంటు మొదట చూపించిన పాలసీయే తీసుకుని ఉంటే మోకాళ్ళకు మేం పెట్టేది సున్నా. కుడి మోకాలికి పెట్టింది లక్షా పదిహేడు వేల ఆరువందలు. మూడేళ్ళలో ప్రీమియం మీద నేను మిగిల్చిన ఇరవై ఏడు వేలు తీసేస్తే తొంభై వేల ఆరువందలు. ఎడమ మోకాలికి, షేరింగ్ రూములో, యాభై వేలు. వెరసి నా బేరం ఖరీదు లక్షా నలభై వేల ఆరువందలు.